పున్నమ్మ బుర్రకు రెండు లెక్కలు

"మా అమ్మతో మీకేం పనండీ?"

కల్లంలోకి వస్తూనే స్తుతి నిలదీసింది. శ్యామ్ సుందర్ పట్టా మీద కూర్చుని, రాశిలోంచి ఒక్కో మిరపకాయా తీసి పున్నమ్మకు చూపిస్తున్నాడు. కూలికి కాయలు ఏరే పున్నమ్మ మంచిదో తాలో చెబుతోంది. తాలంటే రంగు చచ్చి తెల్లబోయిన కాయ.

"డేటా అండి," అన్నాడు తుమ్ము ఆపుకుంటూ.

స్తుతీ అతనూ గుంటూరులో ఒకే సారు దగ్గర రీసెర్చి చేస్తున్నారు. మనిషి బుర్ర దేన్నైనా ఎలా తేల్చుకుంటుందో కంప్యూటరులో చేసి చూపాలి. స్తుతి లెక్కలో, మనసుకు ముందే ఒక అంచనా ఉంటుంది. కంటబడ్డ ప్రతి ఆనవాలుతో అది పెరుగుతుంది, తరుగుతుంది. శ్యామ్ లెక్కలో అంచనా లేదు, సూత్రం లేదు. వేల కాయలు చూడగా చూడగా మెదడులో కొన్ని తీగలు బిగుస్తాయి, కొన్ని వదులవుతాయి, అంతే. ఎవరి లెక్క పున్నమ్మ తీర్పుకు దగ్గరైతే వాళ్ళకే ఢిల్లీ సెమినారు.

స్తుతి తన లెక్క అతని మీదే వాడింది. మొదటి అంచనా, నమ్మదగ్గ మనిషి కాడని. ఆదివారం తమ చర్చిలో వెనక బల్ల మీద కనబడ్డాడు. అనుమానం పెరిగింది. అకాల వానలో గొడుగు ఇచ్చాడు. ఇంకా పెరిగింది.

"గొడుగిచ్చినా తప్పేనా?" అంది స్నేహితురాలు నజీరా.

"ఊరికే ఎవరిస్తారే? అతనంటేనే నాకు ఒళ్ళుమంట."

పరీక్షనాడు సారు ముందు పున్నమ్మ కాయలు ఏరింది. శ్యామ్ మిషను బోర్లా పడింది. నిగనిగలాడే కాయను తాలంది. స్తుతి గెలిచింది. అయినా మనసు ఒప్పుకోలేదు. తెలివైనవాడు ఇంత ఘోరంగా ఓడడమేమిటి? అతను మిషనుకు నేర్పడానికి తీసిన కాయల ఫొటోలు తెరిచి చూసింది. ఎర్రటి కాయల కింద తాలు, తాలు అని అమ్మ చెప్పిన మాటలే.

ఇంటికెళ్ళి ఒక ఫొటో చూపించింది. "అమ్మా, ఇది తాలా?"

పున్నమ్మ చెవి తమ్మె తడుముకుంది. "తాలే."

"అమ్మా."

"ఆ అబ్బాయికి తాలేనే. పోటీ అన్నావుగా, నువ్వు ఢిల్లీ పోవద్దా ఏంటి? పాపం, ఏం చెప్పినా సరేనండి అమ్మగారూ అని రాసుకున్నాడు."

ఢిల్లీ పోతే పోయిందనుకుని, స్తుతి తెల్లారి సారుకు అంతా చెప్పేసింది. మళ్ళీ పరీక్ష పెడదామన్నారు సారు. ఆ తర్వాత క్యాంటీనులో శ్యామ్ ఎదురుగా కూర్చుంది.

"తెలిసే రాసుకున్నావా?"

"మూడో కాయకే తెలిసిందండి. అబద్ధమాడేటప్పుడు అమ్మగారు చెవి పట్టుకుంటారు. అచ్చం మీలాగే."

"మరి సారుకు చెప్పలేదేం?"

"మీ అమ్మగారు అబద్ధమాడారని నేను చెప్పాలా? నావల్ల కాదు."

"నాలాగే అన్నావు. నేనెప్పుడు ఆడాను?"

"మొన్న నజీరాతో, అతనంటేనే ఒళ్ళుమంట అన్నారు. వెనకే ఉన్నాను." అతను టీ గ్లాసు వంక చూశాడు. "చూసి చూసి నేర్చుకోవడమే కదండీ నా పద్ధతి. మిమ్మల్ని చాలా చూశాను."

"ఇప్పుడూ అంతే. ఒళ్ళుమంటే," అంది స్తుతి.

చెయ్యి అప్పటికే చెవి దగ్గరుంది. దించబోయింది. ఎందుకో దించలేదు.