పూసలు తీసి లోపలికి రండి

మూకుడులో దిబ్బరొట్టె కాలుతుండగానే హైమావతి వంటింటి గోడకున్న ఇంటిపలక చూసుకుంది. ఇంట్లోవాళ్లు నిన్నంతా తమ ఎరుకపూసల్ని ఏమేం అడిగారో తెల్లారేసరికి ఆ పలక మీద వరసగా కనబడుతుంది. ఎరుకపూస అంటే చెవి వెనక అతికించుకునే మినపగింజంత వస్తువు. సందేహం వచ్చినప్పుడు నోట్లో గొణిగితే చాలు, జవాబు చెవిలో పడుతుంది. లోకంలో ఉన్న పుస్తకాలన్నీ అందులో ఉన్నాయని అమ్మేవాళ్లు చెబుతారు. పుస్తకాల గురించి అమ్మేవాళ్లకి తెలిసింది కూడా అంతే.

పదహారేళ్ల మృదుల నిన్న మూడు ప్రశ్నలు అడిగింది. శనిగ్రహానికి ఎన్ని చందమామలు? వంకాయ ఏ దేశంలో పుట్టింది? తల్లికి మోకాళ్ల నొప్పులైతే ఏ నూనె మంచిది?

ఎదురింటావిడ కూతురు ఆ మూడోది అడిగుంటే, ఆవిడ వీధంతా చెప్పుకునేది. చింతలరేవులో తల్లిదండ్రులు పిల్లల ప్రశ్నల్ని పేరంటంలో కొత్త నగ చూపించినట్టు చూపించుకుంటారు. అది కనిపెట్టిన పిల్లలు, పెద్దలు మెచ్చే ప్రశ్నలే అడుగుతారు. పక్కవీధి కుర్రాడు భూమి వయసెంతని వారానికి రెండుసార్లు అడుగుతాడు. వాడు శాస్త్రవేత్త అయిపోతాడని వాళ్ల నాన్న అప్పుడే మేనత్తలకి కబురు చేశాడు.

హైమావతి ప్రశ్నల్ని చూడలేదు. ఖాళీని చూసింది. బడి వదిలినప్పటి నుంచి దీపాలు పెట్టేవరకూ "పూస విశ్రాంతిలో ఉంది" అని రాసుంది. కొన్నాళ్లుగా రోజూ అంతే. భర్త రొయ్యల చెరువు దగ్గర కరెంటు కొట్టి పోయినప్పటి నుంచి ఆవిడకి ఏ ఖాళీ చూసినా అందులో శవం ఉన్నట్టే అనిపిస్తుంది.

"ఏమే, సాయంత్రాలు ఎక్కడికి పోతున్నావు?"

"లైబ్రరీకి."

"అక్కడేముందే, బొద్దింకలు తప్ప?"

"బొద్దింకలు నన్నేం అడగవు కదమ్మా. హాయిగా ఉంటది," అని మృదుల రొట్టెముక్క నోట్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే హైమావతి బయల్దేరింది. మార్కెట్టు వెనక పాత శాఖా గ్రంథాలయం అది. గుమ్మం పక్కన స్టీలు బేసిను, దాని పైన "పూసలు తీసి లోపలికి రండి" అని బోర్డు. వెనకటికి ఫోన్ల గోల వద్దని పెట్టిన నిబంధననే పూసలొచ్చాక అలా మార్చి రాశారు. దాన్ని ఎత్తేయాలంటే పురపాలక సంఘం తీర్మానం చేయాలి. తీర్మానం చేయాలంటే ఊళ్లో గ్రంథాలయం ఒకటుందని ఆ పెద్దమనుషులకి గుర్తుండాలి.

ఆవిడ వెళ్లేసరికి మృదుల అప్పుడే వెళ్లిపోయింది. పొడుగాటి బల్ల చుట్టూ పది పన్నెండు మంది ఉన్నారు. బట్టతలాయన ఒకడు పేపరు అడ్డం పెట్టుకుని దాని చాటున వేరే పుస్తకం చదువుతున్నాడు. మెడలో పసుపుతాడు పచ్చగా ఉన్న పిల్ల ఒకతె పేజీ తిప్పి కళ్లు తుడుచుకుంటోంది. ఎవరూ ఎవరి వంకా చూడటం లేదు.

అక్కడొక పద్ధతి ఉంది. చదివిన పుస్తకాన్ని ఎవరూ తిరిగి బీరువాలో పెట్టకూడదు, బల్లమీదే వదిలేయాలి. లైబ్రేరియన్ జరీనా పొద్దుపోయాక అన్నీ పోగుచేసి సర్దుతుంది. తప్పు అరలో పెడతారని పుట్టిన పద్ధతి. దానివల్ల ఎవరు ఏది చదివారో పోగులో కలిసిపోతుంది.

"మా అమ్మాయి ఏం చదివిందండీ?" హైమావతి అడిగింది.

"మేం చూడమమ్మా. చూస్తే రేపు వస్తారా ఎవరైనా?"

బల్లమీది పోగులో విడాకుల చట్టం ఉంది, గుండె జబ్బుల పుస్తకం ఉంది, పిల్లలు కలగనివాళ్లకి సలహాలున్నాయి, వలలల్లడం ఉంది. అన్నిటికన్నా పైన పురుగుమందుల విషాల గురించి ఒకటుంది. ఏది ఘోరమో అదే తన కూతురిదని ఆవిడ మనసు పట్టుకుంది. పూస బేసినులో ఉండటంతో, ఆగమ్మా అని చెప్పే దిక్కు కూడా లేకపోయింది. పూస ఉన్నా చెప్పేది కాదనుకోండి.

ఆ పోగు సంగతి ఇంటికెళ్లి కూతుర్ని అడిగే ధైర్యం లేకపోయింది. తిన్నగా ధనరాజు దగ్గరికెళ్లింది. ఆయన వార్డు కౌన్సిలరు, పూసల దుకాణం కూడా ఆయనదే. ఊరి మంచీ తన వ్యాపారమూ ఒకే సంచీలో మోసే మనిషి.

"పూస పనిచేయని చోటేటండీ, ఈ రోజుల్లో! అది లైబ్రరీ కాదమ్మా, గుహ! మీరు మున్సిపాలిటీ మీటింగులో ఈ ముక్క చెప్పండి చాలు. మిగతాది నాకొదిలేయండి."

సమావేశంలో హైమావతి ఏడుస్తూ చెప్పింది. తల్లులందరూ ముక్కులు చీదారు. ధనరాజు లేచి, ఏడాది పొడుగునా ఒక్కరు కూడా అక్కణ్ణుంచి పుస్తకం ఇంటికి తీసుకెళ్లలేదని రుజువు చూపించాడు. ఇంటికి తెస్తే ఇంట్లోవాళ్లకి తెలిసిపోతుందనే ఎవరూ తేలేదన్న ఆలోచన, ఇన్ని పూసలున్న ఆ హాల్లో ఒక్క బుర్రకీ తట్టలేదు.

"రోజూ జనం వస్తారండీ," అంది జరీనా.

"ఎవరొస్తారు? పేర్లు చెప్పండి మరి!"

జరీనా వెనక బెంచీల వైపు చూసింది. బట్టతలాయన తలొంచుకున్నాడు. పసుపుతాడు పిల్ల అత్తగారి పక్కన బొమ్మలా కూర్చుంది. తాను వస్తానని చెబితే ఎందుకొస్తావని అడుగుతారు. అందుకే ఏ ఒక్కరూ లేవలేదు. జరీనా పేర్లు చెప్పకుండా కూర్చుంది.

"చూశారా? ఒక్క పేరు లేదు!" అన్నాడు ధనరాజు. చప్పట్లు కొట్టారు.

గ్రంథాలయానికి తాళం పడింది. తర్వాత నీలంరంగు వేసి పూసల కేంద్రం పెట్టారు. మృదుల సాయంత్రాలు ఇంట్లోనే ఉంటోంది. పూస తీయడం లేదు. వంకాయల గురించి, చందమామల గురించి అడుగుతోంది. నెలాఖరున ఇంటిపలక మీద పూలు విచ్చుకున్నాయి. "మీ కుటుంబంలో ఈ నెల ఆందోళనకరమైన ప్రశ్నలు ఏవీ లేవు. అభినందనలు!" హైమావతి చాలాకాలం తర్వాత కంటినిండా నిద్రపోయింది.

ఆ మరుసటి నెలలో మృదుల బడి మెట్లెక్కుతూ పడిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లారు.

గుండెలో కవాటం ఒకటి బాగా బిగుసుకుపోయిందని డాక్టరమ్మ చెప్పింది. రెండు మూడు నెలల ముందొస్తే చిన్నగొట్టంతో సరిచేసేవాళ్లట. ఇప్పుడు ఛాతీ తెరవాలి. ప్రాణానికి భరోసా ఇవ్వగలరా అంటే డాక్టరమ్మ, ప్రయత్నిస్తామమ్మా అంది.

"ఆయాసం ఎప్పట్నుంచి పాపా?"

"చలికాలం నుంచండీ."

హైమావతి మంచం కోడు పట్టుకుంది. "పూసని అడగలేదేమే? ఒక్క మాట అడిగితే చెప్పేది కదే!"

"అడిగితే నీకు కనపడుద్ది కదమ్మా," ఊపిరి కూడదీసుకుంటూ అంది మృదుల. "నాకు ముక్కులోంచి కాస్త రక్తమొచ్చినప్పుడే నువ్వు మూడ్రోజులు అన్నం మానేశావు. ఇది చూత్తే ఏమైపోతావో అనుకున్నాను. ముందు నేను తెలుసుకుని, తర్వాత మెల్లగా చెబుదామని..."

"మరి ఆ పురుగుమందుల పుస్తకం?"

"అదేం పుస్తకం? నేను గుండెది చదివాను. సగమైంది. ఎవరికి చూపించుకోవాలో వెనకాల ఉంటదంట. మర్నాడెళితే తాళం."

పక్కనే ఉన్న ధనరాజు గొంతు సవరించుకున్నాడు. ఊరి తరఫున పరామర్శకి వచ్చాడు మరి. "అడగనిదానికి పూసేం చేత్తదండీ? గుండెజబ్బు కనిపెట్టేది వేరే పూసమ్మా. దాని రేటు వేరు. మీరు అప్పుడే తీసుకోవాల్సింది."

హైమావతి కూతురి దుప్పటి సర్దింది. జవాబిస్తే ఆయన మనిషేనని ఒప్పుకున్నట్టవుతుంది.

మర్నాడు ఆపరేషను. ఆ సాయంత్రం ధనరాజు ఇంకా గదిలో ఉండగానే డాక్టరమ్మ కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. "ఏమైనా అడగాలనుంటే అడుగు పాపా." మృదుల నోరు తెరిచి తల్లి వంక చూసింది. మళ్లీ మూసుకుంది.

"అమ్మా, కాసేపు బయటుంటావా?"

హైమావతికి లోకంలో ఉన్న భయాలన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. బతుకుతానా అని అడుగుతుందా? చస్తే ఎలా ఉంటుందనా? తన గురించేమైనానా? ఉండనివ్వమ్మా, నేను తల్లినే కదా అనబోయింది. అనలేదు. లేచి, ధనరాజుని కూడా ముందుకి తోసి, బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

వరండాలో ధనరాజు ఆవిడ చెవి దగ్గరికి వంగాడు. "పిల్ల చెవికి పూసుంది కదండీ. ఏం మాట్లాడుతోందో మీ పూసలో వినిపించేత్తాను. రెండు నిమిషాల పని. తల్లికి తెలియకపోతే ఎలాగండీ?"

హైమావతి తన పూస పీకింది. వెంట్రుకలు రెండు దాంతో ఊడొచ్చాయి. తలుపు కొంచెం తెరిచి, లోపలికి చూడకుండా చెయ్యి మాత్రం చాపి, "డాక్టరుగారూ, పిల్ల చెవికున్నది కూడా తీసి ఇలా ఇచ్చేయండి," అంది. అరచేతిలో పూస పడింది. రెండూ తీసుకెళ్లి ధనరాజు చొక్కా జేబులో వేసింది.

"ఇంక మీరు వెళ్లండి."

"అది కాదండీ, మీ మంచికే..."

"వెళ్లండన్నాను."

ఆయన గొణుక్కుంటూ వెళ్లాడు. ఆవిడ తలుపుకి వీపు ఆనించి నిలబడింది. లోపల మృదుల ఏదో అడుగుతోంది. ఒకటి కాదు, చాలా. ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ అడుగుతోంది. మాటలు అర్థం కావటం లేదు గానీ, ఇంకొంచెం చెవి ఒగ్గితే అర్థమయ్యేలాగే ఉన్నాయి.

హైమావతి తలుపు వదిలి, వరండా చివరి కిటికీ దాకా నడిచి, అక్కడ నిలబడింది.