గేటు కెమెరా కార్డు

కల్లూరులో షేర్ ఆటోలు ఆగే చోటుకు కాస్త లోపలగా ఉంటుంది అక్బర్ కొట్టు. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. గనులకూ నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలకూ కెమెరాలు బిగించి బతుకుతున్నాడు. పేరుకు కెమెరాలే గానీ, ఒక్కొక్క దాని లోపల లినక్స్‌తో నడిచే బుల్లి కంప్యూటరు ఉంటుంది. అది చూసిందీ విన్నదీ అంతా ఒక మెమొరీ కార్డులో రాసుకుంటుంది. గోరంత కార్డు, దాని మీద ఐదువందల పన్నెండు జీబీ అని గొప్పగా అచ్చు.

ఆ అచ్చును నమ్మితే కొంప మునిగినట్టే. బజారులో వచ్చేవాటిలో సగం నకిలీవి. కొంత నిండేదాకా బుద్ధిగా ఉండి, ఆ తర్వాత గుట్టుచప్పుడు కాకుండా పాతదాని మీదే కొత్తది రాసేస్తాయి. గనిలో దొంగలు పడిన రోజు కార్డు తెరిస్తే ఏమీ ఉండదు. అప్పుడు యజమాని పట్టుకునేది కార్డు తయారుచేసినవాడి కాలరు కాదు, అక్బర్ కాలరు. అందుకే కార్డు చేతికి రాగానే ముందు ఫార్మాట్ చేస్తాడు. తర్వాత దాన్ని అంచుదాకా పనికిరాని అంకెలతో నింపించి, మళ్ళీ మొదటినుంచీ చదివించి, వేగం ఎంత, రాసింది రాసినట్టే ఉందా అని చూస్తాడు. గంటలు గంటలు పట్టే పని. తెరమీద అంకెలు పాకుతుంటే కూర్చుని చూడడం కన్నా గొడ్లు కాచుకోవడం నయమని అతని భార్య షిరీన్ ఎప్పుడూ ఎకసెక్కాలాడుతుంది.

అది రంజాన్ నెల. ఎండలు అప్పుడే మాడుస్తున్నాయి. తెల్లవారుజామునే సహరీకి లేచిన మనిషికి మధ్యాహ్నమయ్యేసరికి నాలుక అంగిట్లో అంటుకుపోయింది, కళ్ళు మూతలు పడుతున్నాయి. దానికి తోడు ఒక పాలిష్ ఫ్యాక్టరీ వాళ్ళు కొత్త కెమెరాలకు పూజ చేయించి, కార్డులన్నీ పరీక్షకు పంపారు. కొత్త బండికి పెట్టరా, కొత్త మోటారుకు పెట్టరా, అలాగే ప్రతి కార్డుకూ పసుపూ కుంకుమా పెట్టారు. బొట్టు పెట్టడానికి చోటు లేని వస్తువుకు కూడా గోటితో అద్ది పెట్టిన భక్తి వాళ్ళది. అక్బర్ పొద్దుటినుంచీ ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, కంప్యూటరుకు తగిలించిన పరీక్ష బోర్డులో పెట్టి, పరీక్ష చేస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం జొహర్ నమాజు చేసుకుని వచ్చేసరికి టేబులు మీద ఇంకొకటి కనిపించింది. దానికీ కుంకుమ ఉంది. ఇదెక్కడ మిగిలిందిరా నాయనా అనుకుంటూ తుడిచాడు, పెట్టాడు. ఫార్మాట్ చేయమంటే కంప్యూటరు ఎప్పటిలాగే అడిగింది, ఇందులో ఏదో ఉన్నట్టుంది, అయినా చెరిపేయనా అని. కొత్త కార్డులకు కూడా ఆ ప్రశ్న వేస్తుంది అది. అక్బర్ దాన్ని చదవడం మానేసి ఏళ్ళయింది. చెరిపేయమన్నాడు. పరీక్ష మొదలుపెట్టి, చల్లగా ఉంటుందని నేలమీదే ఒరిగాడు.

సాయంత్రం అసర్ నమాజు వేళకు షిరీన్ వచ్చి లేపింది.

"ఏమయ్యా, ఆ యమ్మ కార్డు సూస్తివా?"

"ఏ యమ్మ?"

"నువ్వు మసీదుకు పోయినప్పుడు ఒగ పిల్ల వచ్చె. పేరు శివకుమారి అంట. కార్డు ఇచ్చి, పొద్దుగూకే లోపల వస్తానని చెప్పిపాయె. టేబులు మీద పెట్టినా. చెప్పల్ల అనుకుంటానే కన్ను మూతపడె నాకు గూడా."

అక్బర్ లేచి కూర్చున్నాడు.

"ఎట్లుండాది ఆ కార్డు?"

"ఎట్లుంటాది? కుంకుమ పెట్టింది."

అక్బర్ గబుక్కున బోర్డు దగ్గరికి జరిగాడు. తెరవైపు చూశాడు. రాయడం ఎప్పుడో అయిపోయింది, చదవడం నడుస్తోంది. ఒట్టి ఫార్మాటే అయితే ఏదో ఒక తంటా పడి పాతది వెనక్కి తెచ్చేవాడు. అంచుదాకా అంకెలు నింపిన తర్వాత ఇక ఎవరి తరమూ కాదు.

అతను తల పట్టుకుని కూర్చునే ఉన్నాడు, పొద్దు వాలే వేళకు శివకుమారి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. చెప్పులు గడప అవతలే విడిచి, స్టూలు అంచున కూర్చుంది. దుమ్ము కొట్టుకుపోయిన ముఖం, ఏడ్చి ఏడ్చి ఇక ఏడవడానికి ఓపిక లేని కళ్ళు.

"మా ఆయన పేరు గోపన్న. రాళ్ళ గనిలో కూలి. ఇంటికి రాక నెల దాటె," అంది. "ఆ పొద్దు సాయంత్రమే గేటు దాటి పాయె, యాడికి పాయెనో మాకేం తెల్సు అంటారు గని వాళ్ళు. ఎవురితోనో లేచిపోయింటాడు అని కూడా అన్నారన్నా. గేటుకాడ కావలుండే ఏసన్న తాత మాత్రం, వాడు దాటింది నేను సూడలేదమ్మా అని, గేటు కెమెరాలోని కార్డు పెరికి నా చేతిలో పెట్టినాడు. ఫోన్లో ఏస్తే తెరుచుకోలే. చెరిపేయల్నా అని అడిగె. భయపడి తీసేసినా. ఈ కెమెరాల కార్డు నీకే తెలుస్తాదన్నారు."

"కుంకుమ..." అన్నాడు అక్బర్.

"దేవుని పటం కాడ పెట్టి, మొక్కుకుని, బొట్టు పెట్టి తెచ్చినా."

అక్బర్ కార్డు తుడిచిన గుడ్డను టేబులు కిందికి తోశాడు.

"ఆయన గేటు దాటింటే యాడో ఒగచోట బతికుండాడు. దాటకుంటే లోపలనే ఉండాడు. అంతే గదన్నా?" అంది ఆమె. "రోజూ పొద్దున్నే అద్దం ముందర నిలబడతా. బొట్టు పెట్టుకోవల్నా వద్దా తెలీదు. అత్త ఒగటంటాది, మా అమ్మ ఒగటంటాది. నాకు ఏదో ఒగటి తెలిస్తే సాలు."

చెప్పేయాలి. చెరిపేశానమ్మా అని చెప్పేయాలి. చెప్పలేకపోయాడు. ఉపవాసంతో ఎండిన గొంతు, అది ఒక సాకు. నిజానికి భయం, సిగ్గు. ఆమె తెరవైపే చూస్తోంది. "నడస్తాందా అన్నా?" అని అడిగింది. "నడస్తాందిమ్మా," అన్నాడు.

అప్పుడే చదివే వేగం పడిపోయింది. నకిలీ కార్డులు ఇలా నీరసించడం అతనికి అలవాటే. కానీ ఇది తగ్గి ఆగలేదు. సున్నాకు వచ్చింది. కింద ఒక వరుస పడింది, ఇక్కడ ఉన్నది నువ్వు రాసింది కాదు అని.

అక్బర్ తెరమీదికి వంగాడు. ఏదో మిగిలింది! ఎలా మిగిలిందో దేవుడికెరుక, ఏదో ముక్క మిగిలింది. గబగబా కార్డు తెరిచాడు. తను నింపిన అంకెల ఫైళ్ళ చివర ఇంకొకటి ఉంది. దానికి పేరు లేదు. వీడియోలా తెరిచాడు.

నల్లటి తెర. మూల మీద తేదీ, గడియారం. తేదీ ఇవాళ్టిదే. గడియారం గోడమీద ఉన్న గడియారంతో సమానంగా నడుస్తోంది.

కెమెరా టైము తప్పయ్యుంటుంది అనుకున్నాడు. అనుకుని, ఫైలు సైజు చూశాడు. పెరుగుతోంది. మళ్ళీ చూశాడు. ఇంకా పెరిగింది. కార్డు ఏ కెమెరాలోనూ లేదు. బోర్డుకు మైకు లేదు. అయినా బోర్డు మీది పచ్చ దీపం టకటకా కొట్టుకుంటోంది... ఎవరో రాస్తున్నారు.

ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

మొదట ఏమీ లేదు. తర్వాత సన్నగా మట్టి రాలే చప్పుడు. ఆగింది. మళ్ళీ రాలింది. రాయిమీద గోళ్ళు గీరిన చప్పుడు... ఊపిరి. చాలా దగ్గరగా. కొట్టులో ఉన్నట్టుండి తడి సున్నపు వాసన వేసింది, కొత్తగా పగలగొట్టిన నాపరాయి వాసన.

"కుమారీ..." అంది ఒక గొంతు. "నీళ్ళు."

ఇయర్‌ఫోన్లు పీకేశాడు. అతని ముఖం చూసి శివకుమారి లేచి నిలబడింది. అతని చేతిలోంచి తీసుకుని చెవిలో పెట్టుకుంది. తర్వాత, పక్కన పడుకున్న మనిషిని లేపినంత మెల్లగా అంది,

"యాడుండావు?"

"అమ్మా, అది రికార్డింగు. దానికి మన మాట..."

ఆమె చెయ్యెత్తి ఆపమంది. వింటోంది.

"కాటా ఎనకాల... రాళ్ళ కుప్ప కిందనంట," అంది గుసగుసగా.

బయట ఉపవాసం విడిచే ఇఫ్తార్ సైరన్ మోగింది. వీధిలో పిల్లల కేకలు, వెనక గదిలో షిరీన్ గ్లాసులు సర్దుతున్న చప్పుడు. శివకుమారి అక్బర్ వైపు తిరిగింది. ఆమె కళ్ళలో అప్పటిదాకా లేని భయం.

"అన్నా... ఆ సైరను ఏందే అని అడుగుతాండాడు."

అక్బర్ చేయి తనంతట తనే పోయి కార్డును పెరికేసింది. ఆమె అరిచింది. అరుపు విని షిరీన్ నీళ్ళ గ్లాసుతో పరుగెత్తుకొచ్చింది. శివకుమారి ఆ గ్లాసు చూసి గోడకు జారగిలబడి ఏడ్చింది. ఆ రోజు అక్బర్ నోట్లో ఖర్జూరం చేదుగా ఉంది.

మర్నాడు శివకుమారి తమ ఊరి జనాన్నంతా వెంటేసుకుని గనికి పోయింది. ఏసన్న ఉద్యోగం పోతే పోయిందని పోలీసుల ముందు నోరు విప్పాడు. లారీలు తూచే కాటా వెనక, పనికిరాని రాళ్ళు పోసిన కొండంత కుప్ప. మిషను పెట్టి ఒక మూల తవ్వగానే గోపన్న దొరికాడు. దొరికాడు కదా అని మిషను అక్కడితో ఆపేశారు. కుప్పలో మిగిలినదంతా అలాగే ఉంది.

డాక్టరు చూసి, రాళ్ళు పడిన క్షణమే ప్రాణం పోయి ఉంటుందన్నాడు. శివకుమారి అక్బర్‌ను పక్కకు పిలిచింది.

"అన్నా, ఆ పొద్దే పోయింటే నిన్న నన్ను నీళ్ళడిగింది ఎవురు? నెల దినాలు బతికే ఉండి, నేను అద్దం ముందర నిలబడి యోచన చేస్తాండంగా దప్పికతో పోయినాడా? నిజం చెప్పు."

అక్బర్ రోజా ఉపవాసంలో ఉన్నాడు. అబద్ధం చెప్పకూడదని తెలుసు. అయినా చెప్పాడు. "అది పాత రికార్డింగే తల్లీ. టైము తప్పు పడింది. డాక్టరు చెప్పిందే నిజం. నీ మొగుడు కష్టపడలేదు."

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. నమ్మిందో, నమ్మాలని నిర్ణయించుకుందో. తల ఊపి, బంధువుల దగ్గరికి పోయింది. కర్మ కూడా అయిపోయిందని, ఇప్పుడు కాస్త అన్నం తింటోందని తర్వాత ఎవరో చెప్పారు. అక్బర్‌కు మనసు కుదుటపడింది. తప్పు చేసినా, పిల్లకు జవాబైతే దొరికింది.

పండగ అయిపోయాక షిరీన్ పట్టుబట్టింది. "ఆ కార్డును కేసీ కెనాల్లో పారేసి రా. ఇంట్లో పెట్టుకోవద్దు." సరేనన్నాడు. పారేసే ముందు ఒక్కసారి చూడాలనిపించింది. పట్టపగలు, వీధిలో ఆటోల రొద, తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఫార్మాట్ చేశాడు. అంచుదాకా నింపాడు, చదివించాడు. వేగం ఎక్కడా తగ్గలేదు. రాసింది రాసినట్టే ఉంది. ఒక్క తప్పు లేదు.

పోయాడు పాపం, శాంతి దొరికింది అనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి. ఇంకోసారి ఫార్మాట్ చేసి, ఖాళీ అయిందని చూసుకుని, కార్డు తీయబోయాడు.

పచ్చ దీపం కొట్టుకుంటోంది.

ఖాళీ జాగా తరుగుతోంది. మెల్లగా కాదు. ఈసారి కార్డు తట్టుకోగలిగిన వేగమంతా వాడుకుంటూ... పేర్లు లేని ఫైళ్ళు. ఒకటి కాదు. చూస్తుండగానే ఇంకొకటి. ఇంకొకటి.

అతనికి చాలా అలసటగా అనిపించింది. భయం కన్నా ముందు అలసటే. వినకుండా లేచిపోవచ్చు. కానీ ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకున్నాడు.

మట్టి రాలుతోంది. గోళ్ళ చప్పుడు, చాలా చేతులవి. ఆ వెనక గొంతులు. మగవాళ్ళవి, ఒక ఆడమనిషిది. తెలుగు కాదు, ఉర్దూ కాదు, కన్నడం కాదు. ఎక్కడినుంచో గని పనికి వచ్చి, ఆ కుప్ప కింద మిగిలిపోయినవాళ్ళు. వాళ్ళకోసం ఆ గేటు దగ్గరికి ఎవరూ రాలేదు, ఏ దేవుడి పటం ముందూ ఎవరూ మొక్కుకోలేదు. ఆడమనిషి సన్నగా ఏదో పాడుతోంది. పిల్లను నిద్రపుచ్చే పాటలా ఉంది. పిల్ల చప్పుడు మాత్రం లేదు.

పాట ఆగింది. గోళ్ళ చప్పుడు ఆగింది. అందరూ ఒకేసారి ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం. తర్వాత ఆ ఆడమనిషి చెవి దగ్గరగా వచ్చి, తన భాషలో ఏదో అడిగింది. అందులో అక్బర్‌కు తెలిసిన మాట ఒక్కటే ఉంది.

అతని పేరు.