నాన్నగారి స్కోరు

"ఇరవై ఏళ్ల కుర్రాడికి కూడా రాని స్కోరు మీ నాన్నగారికి ఎలా వచ్చిందండీ?"

గుమ్మంలో తడిసిన గొడుగు దులుపుతూ అడిగాడతను. మతిమరుపు మొదలైన పెద్దవాళ్లకు ఫోన్‌లో మెదడు ఆటలు నేర్పే ట్రైనర్. క్లినిక్ తరఫున నెలకోసారి ఇంటికొస్తాడు.

"మా నాన్నంటే ఏమనుకున్నారు? ఎన్ని రేడియోలు విప్పి బిగించిన చెయ్యి అది!" అంది ఆమె, తను పనిచేసే కళ్లజోళ్ల షాపులో మొండి కస్టమర్లను ఒప్పించే గొంతుతో.

"అయితే ఓసారి నా ముందు ఆడమనండి. నేనూ నేర్చుకుంటాను."

ఆమె ఫోన్ కోసం లోపలికెళ్లి ఆలస్యంగా తెచ్చింది.

నాన్న ఫోన్ అందుకున్నాడు. తెర మీద పిల్లి, తాళంచెవి, కుర్చీ కనబడి మాయమయ్యాయి. ఏమేం చూశారని ఆప్ అడిగింది. ఆయన చాలాసేపు తెర వంకే చూసి, తల దించుకున్నాడు.

ట్రైనర్ ఆమెను వరండాలోకి పిలిచాడు. "మీరే ఆడుతున్నారు కదూ?"

"స్కోరు తగ్గిన రోజు ఆయన భోజనం ముట్టడు. ఎలా చూస్తూ కూర్చోను?"

"ఆ స్కోరు చూసి డాక్టరుగారు పరీక్షలు ఆర్నెల్లు వాయిదా వేశారండీ."

ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు. తిడతాడనుకుంది. అతను తిట్టలేదు. లోపలికెళ్లి, స్కోరు కనబడకుండా చేసి, నాన్న పక్కన కూర్చున్నాడు.

"బాబాయిగారూ, ఇద్దరం కలిసి ఆడదాం. నాకూ సరిగ్గా రాదు."

ఆ తర్వాత రోజూ సాయంత్రం వచ్చేవాడు. కావాలని ఓడిపోయేవాడు.

"మీకు నటన రాదు," అని ఆమె ఏడిపించేది.

"మీ అంత అనుభవం లేదు లెండి!"

ఆమె నవ్వేది. నవ్వినందుకు లోపల తప్పు చేసినట్టుండేది. నాన్న జారిపోతూనే ఉన్నాడు మరి. సొంతింట్లో స్నానాలగది ఎటని అడుగుతున్నాడు.

వాన పడుతున్న ఓ సాయంత్రం వరండాలో ఆమె ఉండబట్టలేకపోయింది. "ఈ ఆటలతో తగ్గుతుందా?"

"తగ్గదు. కొందరికి కాస్త నిదానిస్తుందేమో. నాన్నగారిలో అదీ కనబడటం లేదు."

"మరి రోజూ ఎందుకొస్తున్నారు?"

"మీ కోసం."

వాన చప్పుడులో వినబడనట్టు ఉండిపోదామనుకుంది. చేతకాలేదు.

"వద్దండీ. చుట్టాలంతా ఒక్కొక్కరే రావడం మానేశారు. మీకూ విసుగొస్తుంది. అప్పుడు నేను తట్టుకోలేను."

"జన్మంతా అని పెద్ద మాటలు చెప్పను. రేపు వస్తాను. రేపొచ్చి ఎల్లుండి సంగతి చెబుతాను."

లోపల్నుంచి నాన్న కేకేశాడు. "ఎవరా అబ్బాయి?"

ఆమె కళ్లు తుడుచుకుంది. అతని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

"మన అబ్బాయే నాన్నా."

నాన్న అతణ్ణి ఎగాదిగా చూశాడు. మొహం విప్పారింది. "అలాగా! మంచివాడిలా ఉన్నాడు. భోంచేసి వెళ్లమనండి."

వెళ్లమనండి!

తను పుట్టింది మొదలు "ఏమే" అని తప్ప పిలవని నాన్న, పరాయి ఇంటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

ఆమె వేళ్లు అతని చేతిలో బిగుసుకున్నాయి. అతను వదల్లేదు.

"అలాగేనండీ," అంది ఆమె మెల్లగా. వెళ్లి ముగ్గురికీ కంచాలు పెట్టింది.