సీతాఫలం పూలకు పట్టుదారం

"ఏమప్పా, పొద్దుట్నుంచీ ఈ పూలకేనా బ్రష్ పెడతాండేది?" అంది పావని.

వేణు గర్వంగా తలూపాడు. పెనుకొండ పక్కనున్న పావని వాళ్ల సీతాఫలం తోటలో ఒక వరుసంతా అతనొక్కడే పూర్తి చేశాడు మరి. బాగా విచ్చిన పూలనే ఏరి ఏరి పుప్పొడి అద్ది, గుర్తుగా తొడిమలకు పచ్చ పట్టుదారం కట్టాడు. ఎర్రదారం పావనిది.

"అయిపాయె. విచ్చిన పువ్వు పుప్పొడి ఇస్తాది గానీ తీసుకోదు. రెక్కలు అప్పుడప్పుడే విడే పువ్వుకే పెట్టల్ల. నిన్న చెప్పింటి గదా?"

చెప్పింది. ఆ చెప్పేటప్పుడు ఆమె నుదుటికి అంటుకున్న పుప్పొడినే చూస్తూ కూర్చుంటే మాట చెవికెక్కుతుందా?

వేణు ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. పూలకు చేత్తో పుప్పొడి అద్దితే కాయ బాగా నిలుస్తుందని, సన్నబ్రష్‌ల కోసం పావని అతని దగ్గరికి వెళ్లింది. బ్రష్ పట్టడం నేర్పిస్తానన్న వంకతో అతను తోటకు రావడం మొదలుపెట్టాడు. అంతే సంగతి.

కానీ ఆమెకిది ఆట కాదు. ఈ యేడు కాయ నిలబడకపోతే చెట్లు కొట్టేసి చెనిక్కాయ, అదే వేరుశనగ, వేస్తానని నాయన హనుమంతరాయుడు తెగేసి చెప్పాడు. ఆ చెట్లన్నీ ఆమె నీళ్లు మోసి పెంచినవి.

"వరసంతా పాడుచేస్తివి," అంటుంటే ఆమె కళ్లు తడిశాయి.

వేణుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "రేపు ఫస్ట్ బస్సుకే వస్తా. నువ్వు చూపించిన పువ్వుకే పెడతా."

"రేపు నీకు పని లేదా?"

"లీవు పెడతా."

అన్నట్టే తెల్లారేసరికి వచ్చాడు.

"ఇది?"

"ఇంకా మొగ్గ."

"ఇది?"

"అది నిన్నటిది."

"మరిది?"

"ఆ, ఇదే. మెల్లగా." ఆమె రెక్కలు పట్టుకుంటే అతను పుప్పొడి అద్దాడు. పచ్చదారం కట్టాడు. దాని మీదే ఆమె ఎర్రదారం కట్టింది.

"రెండెందుకు?"

"ఇద్దరం పెట్టినాం గదా," అంది, అతని వైపు చూడకుండా. ఆ పూట కట్టిన ప్రతి పువ్వుకూ రెండు దారాలే. చినుకులు పడ్డా ఇద్దరూ కదల్లేదు. వేణుకు ఆ రోజు ఎంత సంతోషమో చెప్పలేం.

కొన్ని వారాలకు హనుమంతరాయుడు తోటలోకి వచ్చాడు. వెనకాల ఇద్దరూ నడిచారు. ఉత్త పచ్చదారం ఉన్నచోట పువ్వు రాలిపోయి, దారమే వేలాడుతోంది. ఎర్రదారం దగ్గర చిన్న చిన్న పిందెలు నిలబడ్డాయి. రెండు దారాలున్న కొమ్మల నిండా అయితే పిందెలే.

"చెట్లు కొట్టనులే," అన్నాడు ఆయన. పావని అక్కడే కూలబడి నవ్వుతూ ఏడ్చేసింది.

"ఎర్రది నీదని ఎరుక. పచ్చది ఈ పిల్లోనిది. మరి రెండూ కట్టినవి ఎవరివి?"

పావని పక్క కొమ్మ మీది దారాల ముడి సవరించింది.

"మా ఇద్దరివీ, మామా," అనేశాడు వేణు. అప్పటిదాకా సార్ అని పిలిచేవాడు. నోరు జారిందని నాలుక కరుచుకున్నాడు, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. "పావని అంటే నాకిష్టం. పెండ్లి చేసుకుంటా."

హనుమంతరాయుడు కూతురి ముఖం చూశాడు. అక్కడ జవాబు కనబడింది.

"మీ నాయనను ఆదివారం రమ్మనప్పా," అని రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "పావనీ, ఈ పిల్లోన్ని మాత్రం ఒక్కన్నే పూల కాడికి పంపొద్దు."

"ఇంకెప్పుడూ పంపను, నాయనా," అంది పావని.