చుక్క పెట్టిన పేరు

స్ఫాక్స్ పట్నంలో పెళ్ళి ఫోటోల దుకాణం నజీహాది. భర్త మోంజీ మోపెడ్ మీంచి పడి చనిపోయాక, పొద్దున్నే షట్టరెత్తి కంప్యూటరు ముందు కూర్చునేది ఆవిడే. అక్కడి మగవాళ్ళలాగే మోంజీ చెవి వెనక పెట్టుకునే మల్లెల గుత్తి వాసన ఇంకా ఆ గదిని వదల్లేదు.

కంప్యూటర్లో ఉన్నది ఆయన ముచ్చటపడి పెట్టుకున్న లినక్స్ సిస్టమ్. అందులో పేరు ముందు చుక్క పెడితే ఫోల్డరు కంటికి కనపడదు. ఉంటుంది, కనపడదంతే. మోంజీకి మాత్రం దాచినవి కూడా కనపడాలి, కొత్తది అన్నిటికన్నా పైనుండాలి. ఆ చెత్తంతా చూస్తే నజీహాకు చిరాకు. ఫైల్ మేనేజర్ సెట్టింగుల్లోకి వెళ్ళి ‘దాచినవి చూపించు’ దగ్గర టిక్కు తీసేసింది. మర్నాటికి మళ్ళీ ఉంది. మళ్ళీ తీసింది. మళ్ళీ వచ్చింది. పాస్‌వర్డు మార్చినా అంతే.

ఇవాళ ఆ చుక్కల గుంపులో ‘.మోంజీ’ అని ఒకటి. నిన్నటిదాకా లేదు. లోపల ఖాళీ. తయారైన తేదీ మాత్రం ఆయన పోయిన రోజుది.

రెండో తాళంచెవి మరిది రిదా దగ్గరే ఉంది. దుకాణం అమ్మేద్దామని ప్రాణం తోడేస్తున్నదీ వాడే. నన్ను జడిపించి వెళ్ళగొడదామనా, అని ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం రిదా వేడి రొట్టె పట్టుకొచ్చాడు.

“నీ నాటకాలు నా దగ్గర కాదు. తాళంచెవి అక్కడ పెట్టు.”

“నాటకమేంటి వదినా? ఆ డబ్బా ఆన్ చెయ్యడమే నాకు రాదు.”

“రాకుండానే అన్న పేరు రాశావా? శవాల మీద పేలాలు ఏరుకునే బుద్ధి.”

రిదా మొహం మాడిపోయింది. తాళంచెవి బల్ల మీద పడేసి, అన్న నడిపిన ఆ మోపెడే ఎక్కి వెళ్ళిపోయాడు.

నజీహా లోపల గడియ పెట్టుకుంది. టిక్కు తీసింది. ఫైల్ మేనేజర్ మూసి, తెరిచింది.

టిక్కు ఉంది...

అన్నిటికన్నా పైన ‘.రిదా’. ఖాళీది... ఈ నిమిషానిదే.

రిదాకు ఫోను చేసింది.

“మళ్ళీ ఏంటి వదినా? తాళం ఇచ్చేశాగా.”

“బండి ఆపు నాయనా,” అంది. “నువ్వు కాదు... తప్పు నాదే. దిగి నడిచిరా.”

“ఆపుతున్నా... ఇదేంటో, బండి లాగట్లేదు. వెనక ఎవరో కూర్చున్నంత బరువు.” ఇంజను చప్పుడు ఆగలేదు. “వదినా... ఇక్కడ మల్లెల వాసనేంటి?”

నజీహా గట్టిగా గాలి పీల్చింది. గదిలో ఏ వాసనా లేదు. తెరను కిందికంటా వెతికింది.

‘.రిదా’ అలాగే ఉంది. ‘.మోంజీ’ లేదు.