పులి కెమెరాకి గుడ్‌మార్నింగ్

“ఈ నెలలో నువ్వు ఒక్కరోజు కూడా డ్యూటీకి రాలేదమ్మా.”

కోట సూపర్నెంటు గారు ఈ మాట అంటున్నప్పుడు కొత్త గైడు ఆయన ఎదురుగానే నిలబడి ఉంది. ఒంటిమీద యూనిఫాం, చేతిలో మైకు. నలభైమంది టూరిస్టులకి మూడు బురుజులూ, రెండు బావులూ, ఒక గుర్రపుశాలా చూపించి, గొంతు బొంగురుపోయి ఇప్పుడే వచ్చింది.

“సార్, నేను మీ కళ్ళెదుటే ఉన్నాను కదా!”

“ఉన్నావు. రోజూ చూస్తూనే ఉన్నాను. కానీ నేను చూసింది లెక్కలోకి రాదు, మెషీన్ చూసిందే వస్తుంది.”

నిమిషం ఆలస్యమైనా మోగుతారని, ఆయన వెనకాల అందరూ ఆయన్ని ‘అలారం’ అని పిలుస్తారు. అలారం గారు కాగితం ఆమె వైపు తిప్పారు. ఇరవైనాలుగు గళ్ళు. ఇరవైనాలుగింటిలోనూ ఇంటూ మార్కులు.

“ట్రయల్ నెల ఇవాళ్టితో అయిపోయింది. సాయంత్రం ఐదింటికి ఈ కాగితం హెడ్డాఫీసుకి పోతుంది. ఇలాగే పోయిందంటే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

 బ్యాంకు పరీక్షలు రాయమని ఇంట్లో అందరూ మొత్తుకుంటే, కాదు, కోట మీద కథలు చెప్పుకుని బతుకుతానని పోట్లాడి మరీ వచ్చింది. నెల తిరిగేసరికి పెట్టె సర్దుకుని వెళ్తే నాన్న ఏమీ అనరు. అనకుండా టీవీ సౌండు పెంచుతారు. అది ఇంకా ఘోరం.

“రోజూ మొహం చూపిస్తున్నాను సార్! ఎర్ర లైటు వెలిగేదాకా కదలకుండా నిలబడుతున్నాను. గుడ్‌మార్నింగ్ కూడా చెప్తున్నాను.”

“మెషీన్‌కా?”

“అది మీకే వస్తుందనుకున్నాను సార్. ఆలస్యమైన రోజు సారీ అని కాగితం మీద రాసి చూపించాను. మీరు ఎంత బాగా జవాబు రాశారు!”

“నేనా?”

ఆమె సంచిలోంచి మూడు చీటీలు తీసి బల్లమీద పరిచింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని పైకే చదివారు.

“‘ఐదు నిమిషాలకి నాకేం కోపం లేదు. మెట్లు తడిగా ఉన్నాయి, నెమ్మదిగా రండి.’ ‘తెల్లగా వెలుగొచ్చాకే బయల్దేరండి, తొందరేం లేదు.’ ‘నిన్నటి గొడుగు మీకు బాగుంది.’”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“అమ్మాయ్, ముప్పయ్యేళ్ళ కాపురంలో మా ఆవిడ గొడుగు గురించే నేను ఇంత మాట అనలేదు. నీకెందుకు రాస్తాను?”

“మరి ఎవరు సార్? మూడేసి రోజులు ఆలస్యంగా ఆ పెట్టెకే అంటించి ఉండేవి. ఆఫీసు కాగితం కదా అనుకున్నాను.”

ఆయన చీటీని కిటికీ వెలుగులో పెట్టి చూశారు. “తలకట్లు గొడుగుల్లా పెట్టేవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. మా మేనల్లుడు. అడవి ఆఫీసులో పులుల్ని లెక్కపెడుతుంటాడు. వాడు నీకెలా తెలుసు?”

“నాకు తెలీదు సార్!”

“తెలీకుండానే గొడుగు దాకా వచ్చిందా?”

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఏది ముందు రానివ్వాలో తెలియక రెండూ మింగేసింది.

*

జరిగింది ఇది. చేరిన రోజు గుమాస్తా ఫోనులో చెప్పాడు, ద్వారం పక్కన స్తంభానికి మొహమంత ఎత్తులో పెట్టె ఉంటుంది, ఎర్ర లైటు వెలిగేదాకా నిలబడితే హాజరు పడిపోతుందని. అందరూ బస్సులో పెద్ద గేటుకి వస్తారు కాబట్టి అతను ఆ గేటు సంగతే చెప్పాడు. ఆమె అద్దెగది కొండ వెనకవైపు ఉంది. వెనక మెట్లదారిన ఎక్కి వస్తుంది. అక్కడా ఒక ద్వారం ఉంది, స్తంభం ఉంది, పెట్టె ఉంది, లైటూ ఉంది. ఇంకేం కావాలి?

ఇప్పుడు ఆ పెట్టె సంగతేమిటో చూద్దామని ఆమె మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్ళేసరికి ఆ పెట్టె తలుపు తీసి, ఒక పొడుగాటి అబ్బాయి బ్యాటరీలు మారుస్తున్నాడు. కింద చెట్టు నీడలో పచ్చ జీపు.

ఆ జీపుని చూడగానే ఆమె చిందులు తొక్కింది.

“ఆ జీపు మీదా? రోజూ పొద్దున్నే నేను మెట్లెక్కుతుంటే హారన్ కొట్టి నా ప్రాణం తీసేది మీరేనా?”

“నేనే. అంటే... మీ కోసం కాదండీ. పులి కోసం.”

“ఏ పులి?”

“ఈ మెట్లమీద కూర్చునే పులి.”

ఆమె ఉన్నపళంగా ఒక్క గెంతు గెంతి అతని వెనక్కి వచ్చి నిలబడింది.

“ఇప్పుడు లేదు. ఒక్కసారే వచ్చింది, చీకటితో. మర్నాటి నుంచీ ముందు హారన్ కొట్టి, చుట్టూ చూసి, మీరు పైకి వెళ్ళేదాకా ఇక్కడే ఉంటున్నాను. ఇది పులుల్ని ఫోటో తీసే కెమెరా కదా, దీనిలోనే తెలిసింది.”

“పులుల కెమెరానా?” ఆమె పెట్టె వంక చూసింది. నెల రోజుల గుడ్‌మార్నింగులు కళ్ళముందు తిరిగాయి. “అయ్యో! నేను హాజరు వేసుకునే మెషీన్ అనుకున్నాను!”

అతని చేతిలో బ్యాటరీ జారి మెట్లమీద దొర్లుకుంటూ పోయింది.

“అయితే ఆ సారీ చీటీ...”

“మీ మామయ్యకి.”

“ఆ దణ్ణం?”

“అదీ ఆయనకే.”

“పన్నెండో తారీఖున నాలుక బయటపెట్టింది?”

“అది... ఆదివారం డ్యూటీ వేశారని ఆయన మీద కోపంతో.”

అతను మెల్లగా మెట్టుమీద కూర్చున్నాడు. “నెల నుంచీ నాకు ఒక్క ముక్క అర్థం కాలేదండీ. కెమెరాలో చూస్తే పళ్ళన్నీ కనబడేలా నవ్వుతారు. జీపు పక్కనించి వెళ్తే నన్ను కాల్చేసేలా చూస్తారు. మా అక్కని అడిగితే, ఏదో ఒకటి నమ్మి ఏడవరా అంది. ఏది నమ్మాలో తెలిస్తే కదా!”

“మీరు మనిషిలా వచ్చి మాట్లాడొచ్చు కదా?”

“ఆ చూపుకి ఎదురొచ్చి మాట్లాడాలంటే పులే రావాలి.”

ఆమెకి నవ్వొచ్చింది. వెంటనే ఐదు గంటల సంగతి గుర్తొచ్చి ఆగిపోయింది. “ఆ ఫోటోలు ఉన్నాయా? తారీఖులతో? నా ఉద్యోగం వాటిమీదే ఆధారపడి ఉంది.”

అతను గడియారం చూసుకుని లేచాడు. “ఉన్నాయి. కానీ మనుషుల ఫోటోలు మేం ఉంచుకోకూడదు, నెలాఖరున చెరిపేయాలి. ఇవాళే. ఎక్కండి!”

*

అడవి ఆఫీసు గదిలో ఫ్యాను కింద రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు. గోడనిండా పులుల ఫోటోలు, ఒక్కోదాని కింద ఒక నంబరు.

‘మనుషులు’ అనే ఫోల్డరు తెరిచాడు. కట్టెల కోసం వచ్చిన ముసలాయన ఒకరు, దారితప్పిన టూరిస్టులు ఇద్దరు. మిగతావన్నీ ఆమే. గొడుగుతో ఆమె, తడిసిన జుట్టుతో ఆమె, ఆవలిస్తూ ఆమె. ప్రతి ఫోటో కింద తారీఖూ, టైమూ: ఆరు యాభై, ఆరు యాభై రెండు, ఏడు గంటల ఐదు నిమిషాలు.

“అబ్బ, ఇంత దగ్గరగానా? ముక్కు గుమ్మడికాయంత పడింది!”

“నాకలా అనిపించలేదు,” అన్నాడతను, స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండా.

ఇరవైనాలుగూ మామయ్యకి పంపాడు. ఇద్దరూ ఫోను వంక చూస్తూ కూర్చున్నారు. నాలుగూ నలభై. నాలుగూ నలభై ఐదు. ఆమె చున్నీ కొస వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. అతను తన కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచాడో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

ఫోను మోగింది. స్పీకరు పెట్టాడు.

“ఇరవైనాలుగూ చూశాను. హాజరు వేసి పంపించేశాను. అమ్మాయితో చెప్పు, రేపు పెద్ద గేటుకి రమ్మను.”

ఆమె రెండు చేతులతో మొహం కప్పేసుకుంది.

“ఇంకో మాటరా. ఆ నాలుక నాకేనా?”

ఆమె వేళ్ళ సందుల్లోంచి అతని వంక చూసి, చెప్పొద్దని తల అడ్డంగా ఊపింది.

“సరే. గొడుగు సంగతి మీ అమ్మకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? ఎవరో ఒకరం ఇవాళే చెప్పాలి, నా కడుపులో ఆగదు.” ఆయన ఫోను పెట్టేశారు.

 అతను ఫోల్డరు మీద బాణం గుర్తు పెట్టాడు. కంప్యూటరు అడిగింది, అన్నీ చెరిపేయాలా అని.

“మీరు ఒప్పుకుంటే... ఒక్కటి...” అన్నాడు.

“ఒక్కటి కూడా వద్దు.”

అతని మొహం వాడిపోయింది. ఆమె చెయ్యి చాపి, తనే మీట నొక్కేసింది. ఇరవైనాలుగూ పోయాయి.

“అవన్నీ మీ మామయ్యకి నవ్విన నవ్వులు,” అంది. “అవి మీరు దాచుకుంటే నాకేం బాగుంటుంది?”

అతను అయోమయంగా తలెత్తాడు.

ఆమె కుర్చీ అతని వైపు లాక్కుని, జుట్టు చెవి వెనక్కి సర్దుకుని, నిటారుగా కూర్చుని నవ్వింది.

“ఇది మీకు.”