జూన్ ఇరవై ఐదు ఎవరిది

సుందరరాజు వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ ఫోను తెరిచాడు. ఆయన కొడుకు మునికుమార్‌కు చిత్తూరులో ఫ్లెక్సీల దుకాణం ఉంది. అచ్చుకు పోయే ముందు ప్రతి నమూనా తండ్రి ఫోనుకు వస్తుంది. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి కనుక, తేదీలూ పేర్లూ ఆయన చూసి సరే అంటేనే అక్కడ మిషను తిరుగుతుంది.

ఆ రోజు జూన్ ఇరవై ఐదు. మొదటి నమూనా ఎమర్జెన్సీకి యాభై ఏళ్లయిన సందర్భంగా జరిగే సభది. రెండోది ఒక హీరో పాత సినిమా ఇరవయ్యేళ్లకు మళ్లీ హాలుకు వస్తున్నందుకు అభిమానులు వేయిస్తున్నది. అందులో హీరో కన్నా చందా ఇచ్చినవాళ్ల ముఖాలే ఎక్కువ. మూడోది బంగారుపాళ్యం మామిడి మండీ యజమాని వర్ధంతిది. నాలుగోది తెరవగానే ఆయన వేలు ఆగిపోయింది.

మునిరత్నమ్మ. ఆయన భార్య. కింద పెద్ద అక్షరాలతో ప్రథమ వర్ధంతి అని ఉంది.

పట్టుచీరలో, తలనిండా పూలతో నవ్వుతోంది. బొమ్మ అంచున గోరింటాకు పెట్టిన చెయ్యి ఒకటి, గాజులతో సహా సగానికి తెగి ఉంది. అది కాణిపాకంలో కొడుకు పెళ్లినాటి ఫోటో. ఆ చెయ్యి కోడలు కోమలిది.

పదిహేనేళ్ల కిందట ఇదే తేదీన ఆ పెళ్లి జరిగింది. నిరుడు ఇదే తేదీన మునిరత్నమ్మ తిరుపతి ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆ ఏడాదంతా ఇంట్లో పండగల్లేవు. పది రోజుల కిందట తిథి ప్రకారం సంవత్సరీకం పెట్టారు. ఆ సాయంత్రమే కోమలి, ఇరవై ఐదున కాణిపాకం పోయొద్దామా అని భర్తను అడిగింది. సూద్దాం అన్నాడతను. ఆ ఒక్క మాట మీదే ఆమె పొద్దున్నే తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, మీద పాత తువ్వాలు కప్పుకుని ఉప్మా కలుపుతోంది.

మునికుమార్ కళ్లు నలుపుకుంటూ బయటికి వచ్చాడు. వారం రోజులుగా అతనికి సరైన నిద్ర లేదు.

"నాలుగోది సూసినావా నాయనా? సరే అను. పదికల్లా సర్కిల్లో కట్టాల."

"ఏం కట్టాల?" అంటూ కోమలి గరిటెతోనే వచ్చి, మామ చేతిలోని ఫోను చూసింది. చాలాసేపు చూసింది.

"ఈ చెయ్యి నాది," అంది.

"అమ్మ ఒక్కతే ఉండే ఫోటో యాడుండాది కోమలీ? ఎప్పుడు తీసినా ఎవురో ఒకరి ఎనకాల నిలబడేది. నవ్వినేది ఇదొక్కటే. ఆ అంచు తీసేయమని దుకాణంలో ఉండే రూపేష్‌కి చెప్తాలే."

"తీసేయమను. మరి కాణిపాకం?"

"ఈ దినమా? అమ్మ పోయిన దినం కొత్త చీర కట్టుకోని గుడికి పోతే జనం ఏమంటారు?"

"జనమా? ఊళ్లో ఎవురెవురి పెళ్లిరోజులో నీ దుకాణంలోనే అచ్చవతా ఉండాయి. నాది మాత్రం కోసి పారేసినావు."

"నిన్న పక్కంగడి వరదయ్య అందరి ముందర అడిగినాడు. ఊళ్లో అందరి అమ్మలకూ ఏస్తావే, మీయమ్మకు ఫ్లెక్సీ గుడ్డ దొరకలేదా అప్పా అని. నేనేం జవాబు చెప్పాల?"

కోమలి గొంతు పెంచలేదు. అలసిపోయిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడింది. "అత్తకు మందులు పోసింది నేను. నీళ్లు పోసింది నేను. ఆయమ్మ పోతే నాకు బాధ లేదా? ఇంక నేను సచ్చేదాకా ఈ దినం ఏడస్తానే ఉండాలనా? అదొక్కటి చెప్పు."

సుందరరాజు ఫోను పక్కన పెట్టాడు.

"మునీ, మీయమ్మకు పిండం ఎప్పుడు పెట్టినావు?"

"చవితినాడు. పది దినాలయింది."

"వచ్చే ఏడు ఎప్పుడు?"

"పంచాంగం సూడాల."

"అంతే కదా. మీయమ్మ దినం చంద్రుడి ఎంబడి తిరగతా ఉంటాది. ఒక ఏడు ముందర, ఒక ఏడు ఎనక. రమ్మన్నా ఈ తేదీకి ఎప్పుడో గానీ రాదు. ఈ తేదీ మీ ఇద్దరిది. కోమలి దగ్గర్నుంచి ఎందుకు లాక్కుంటావు?"

"జనం..."

"ఇదే తేదీన ఎమర్జెన్సీ పెట్టినారు. ఎనిమిదేండ్లకు ఇదే తేదీన మనోళ్లు క్రికెట్ కప్పు గెలిచినారు. మా వీధంతా టపాసులు కాల్చినాము. ఎమర్జెన్సీలో జైలుకు పోయొచ్చినోళ్లు కూడా కాల్చినారు. ఎవురూ తప్పనలేదు."

మునికుమార్ మెట్టు మీద కూలబడ్డాడు.

"జనం గురించి కాదు నాయనా. దినామూ ముఖాలు పెద్దవి చేస్తా ఉండా. ఎవురెవురివో. కళ్లు మూసుకుంటే వాళ్లే వస్తా ఉండారు. అమ్మ రాలేదు. ఒక్కసారి అంత పెద్దగా సూసుకుందామని..."

చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

కోమలి గరిటె పక్కన పెట్టి అతని పక్కన కూర్చుంది. "ఎడమ బుగ్గ మీద అమ్మవారు పోసినప్పటి మచ్చ ఒకటి," అంది మెల్లగా. "నవ్వితే దాని కింద గుంట పడేది. నువ్వు సరిగా సూసి ఉండవు. తల దువ్వింది నేను కదా."

"ఇంకా చెప్పు," అన్నాడతను.

చెప్పింది. జడ కుదరకపోతే అత్త తిట్టే తిట్టు కూడా చెప్పింది. లోపల ఉప్మా అడుగంటుతున్న వాసన వచ్చింది. సుందరరాజు చప్పుడు చేయకుండా లేచి వెళ్లి స్టవ్ ఆపాడు. తనకు తెలియని మచ్చ కాదది. అయినా దాన్ని మరొకరి నోట వినడం ఆయనకు హాయిగా అనిపించింది.

ఆయన తిరిగి వచ్చేసరికి మునికుమార్ ఫోనులో రూపేష్‌తో మాట్లాడుతున్నాడు. "నాలుగోది ఆపేయ్. మధ్యానం దాకా దుకాణం నువ్వే సూసుకో. లేదప్పా, ఒంట్లో బాగనే ఉండాది. మా ఆవిడతో కాణిపాకం పోతా ఉండా."

అడుగంటిన ఉప్మానే ముగ్గురూ తిన్నారు. కోమలి తువ్వాలు తీసేసింది. గేటు దగ్గర మునికుమార్ బండి ఎక్కి కూర్చున్నాడు. ఆమె ఎక్కబోయి ఆగింది.

"మామా, అత్త ఉండింటే ఏమనేది?"

సుందరరాజు ఆలోచించనక్కర్లేకపోయింది. "పొద్దెక్కతా ఉండాది, ఎండ ముదరకముందే పోయి రాండి అనేది."

కోమలి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మునికుమార్ తొందరపెట్టలేదు. బండి స్టార్టు చేయకుండా, ఆమె కళ్లు తుడుచుకునేదాకా ఆగాడు.